చెప్పుకోని మాటకు చేయించుకున్న వైద్యాలు

పోయిన నెల ఒక లైన్‌మ్యాన్ ఫోన్ చేశాడు. నాతో పనిచేసినవాడు కాదు. నేను రిటైరయ్యే ముందు వేరే గ్యాంగులో చేరినవాడు. వాళ్ల గ్యాంగులో ఒకతను పోలు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ, అది చూసినప్పటి నుంచి ఇతనికి నిద్ర లేదు.

"మామా, నువ్వు అన్నీ తిరిగి చూసినవంట గద. దర్గా, గుడి, నూనె. ఏది పనిచేసిందో జెర చెప్పు. అదొక్కటే చేయించుకుంట. అన్ని తిరిగే ఓపిక నాకు లేదు" అన్నాడు.

కర్ణాటక బీదర్ జిల్లాలో, నేను పనిచేసిన చిట్గుప్ప కరెంటు సెక్షన్‌లో నా వైద్యాల సంగతి ఇంకా చెప్పుకుని నవ్వుతారని నాకు తెలుసు. నవ్వుకోవచ్చు. ఇప్పుడు నేనూ నవ్వుతాను. కానీ ఆ రోజు ఫోన్‌లో అతనికి జవాబు సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. నేను డాక్టరును కాను. జరిగింది రాస్తాను, మీకు పనికొచ్చేది మీరు తీసుకోండి.

నాకొక జోడీదారు ఉండేవాడు. లైన్ పనికి ఎప్పుడూ ఇద్దరు పోవాలి. ఒకరు పైన, ఒకరు కింద. తొమ్మిదేళ్లు అతను పైన, నేను కింద, లేదా నేను పైన, అతను కింద. నాకన్నా ఆరేళ్లు చిన్న. నోరు ఊరుకునేది కాదు. పోలు ఎక్కుతూ కూడా మాట్లాడేవాడు. నా బైకు డబ్బాలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. పని లేని పూట చెట్టు కింద కూర్చుని చదువుకునేవాణ్ణి. "అన్నా, అండ్ల ఏమున్నదో రెండు ముక్కల్ల చెప్పు. నువ్వు చదివినట్టు అయితది, నేను చదివినట్టు అయితది" అనేవాడు. రెండు ముక్కల్లో చెబితే, "గింత దానికి గంత పుస్తకమా" అనేవాడు.

ఎండాకాలం చివర్లో ఒక రోజు గాలివాన వచ్చి, ఒక ఊరికి పోయే పెద్ద లైను మీద కొమ్మ పడింది. మమ్మల్ని పొమ్మన్నారు. జీపు ఇంకో గ్యాంగుతో వేరే పనికి పోయింది. మా ఇద్దరికీ ఒకటే బైకు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. మీలో లైన్ పని చేసేవాళ్లకు తెలుసు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. పని మొదలుపెట్టే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు తీయించుకోవాలి. దాన్ని లైన్ క్లియర్ అంటాం. అంతటితో సరిపోదు. మూడు తీగలకూ మూడు ఎర్తు కడ్డీలు తగిలించి, వాటి తీగను భూమిలో దించాలి. ఎక్కడి నుంచైనా పొరపాటున కరెంటు వస్తే అది ఆ కడ్డీల గుండా భూమిలోకి పోతుంది, మనిషి గుండా పోదు. ఆ కడ్డీలు మనిషికన్నా పొడుగు. బైకు వెనక వాటిని పట్టుకుని కూర్చోవడం నరకం.

"లైన్ క్లియర్ తీస్కుంటం గద. కొమ్మ తీసి వస్తం, గంట పని. కడ్డీలు ఉండనీ" అన్నాను నేను.

"ఊ" అన్నాడు.

కడ్డీలు సెక్షన్ ఆఫీసు తలుపు వెనక ఉండిపోయాయి.

సబ్‌స్టేషన్‌లో కరెంటు సరిగానే తీశారు. అతను పైకెక్కాడు. నేను కింద తాడు పట్టుకుని ఉన్నాను. అదే సమయానికి ఆ ఊళ్లో పిండి పట్టే గిర్ని సేటు, పొద్దున్నుంచి కరెంటు లేదని తన జనరేటరు నడిపాడు. జనరేటరు కరెంటు గిర్నిలోనే ఉండాలంటే ముందు ఒక స్విచ్చి మార్చాలి. అతను మార్చలేదు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి మా తీగల్లోకి వచ్చింది. తర్వాతిది రాయను. నేను చూశాను, అది చాలు.

విచారణ జరిగింది, గిర్ని సేటు మీద కేసు పెట్టారు. కడ్డీలు ఎందుకు వాడలేదని అడిగారు. "జీపులో పోయిన గ్యాంగు తీసుకుపోయింది" అని రాసిచ్చాను. ఆ గ్యాంగు పెద్ద నాతోపాటు చేరినవాడు, భాల్కి వైపు మనిషి. అతన్ని పిలిచి అడిగితే అవునన్నాడు. నా కోసం అన్నాడు. బయటికొచ్చాక, "పోయినోని మీద తప్పు రావొద్దు గద. ఇంటామెకు నౌకరి రావాలె" అన్నాడు. నౌకరి వచ్చింది. చనిపోయినవాడి భార్యను బీదర్ ఆఫీసులో అటెండరుగా తీసుకున్నారు. ఆ అబద్ధం ఆమె కోసమే ఆడానని నాకు నేను చెప్పుకున్నాను. కొంతకాలం నమ్మాను కూడా.

ఆ తర్వాత నేను పోలు ఎక్కలేకపోయాను. మొదటిసారి రెండు మెట్లు ఎక్కేసరికి పిక్కలు రాళ్లలాగా బిగుసుకున్నాయి. మోకాలి నొప్పి అని చెప్పి దిగాను. మోకాలి నొప్పి నెలల తరబడి సాగింది. జూనియర్లు ఎక్కేవాళ్లు, నేను కింద నిలబడేవాణ్ణి. నిద్ర పట్టేది కాదు. పుస్తకం తెరిస్తే ఒక పేజీ మీదే గంట గడిచేది.

మా సెక్షన్ ఆఫీసరు కన్నడ మనిషి, నాకన్నా వయసులో చాలా చిన్న, మర్యాదస్తుడు. ఒక రోజు తలుపు మూసి కూర్చోబెట్టాడు. "మీ మోకాలు బాగానే ఉందని నాకు తెలుసు. మూడు నెలలు ఆగుతాను. ఏం వైద్యం చేయించుకుంటారో చేయించుకోండి. అప్పటికీ ఎక్కలేకపోతే మెడికల్ బోర్డుకు రాయక తప్పదు" అన్నాడు. బోర్డుకు పోతే లైన్ పనికి పనికిరాడని రాస్తారు. నాకు వచ్చిన పని అదొక్కటే.

ఆ సంగతి సాయంత్రానికల్లా సెక్షన్ అంతా తెలిసిపోయింది. మా దగ్గర ఏ సంగతైనా కరెంటుకన్నా ముందు పోతుంది. ప్రతివాడూ ఒక వైద్యం తెచ్చాడు.

కంప్లయింట్లు రాసుకునే భాయి మొదట పట్టుకున్నాడు. "డర్ బైఠ్ గయా అన్నా, నికాల్నా పడ్తా", భయం లోపల కూర్చుంది, తీయించాలి అని ఒక గురువారం దర్గాకు తీసుకుపోయాడు. అక్కడి పెద్దాయన నెమలి ఈకల కట్టతో నెత్తి మీద తట్టి, మెడకు దారం కట్టి, ఊదు పొగ నా ముఖం మీదికి పట్టాడు. ఆ పొగ తగలగానే నేను లేచి బయటికి పరుగెత్తాను. కాలిన వాసన నాకు సరిపడదని ఆ రోజే తెలిసింది. భాయి నా చెప్పులు పట్టుకుని వెనకాలే వచ్చాడు. "దేఖో, డర్ భాగా. నీతోనే కలిసి ఉరికింది" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ మాటకు నవ్వాను. దారం మాత్రం తీయలేదు.

తర్వాత మా ఆవిడ బీదర్‌లో గుహ గుడికి పోదామంది. ఛాతీ లోతు నీళ్లలో నడిచి దేవుడి దగ్గరికి పోవాలి. నీళ్లు చల్లగా ఉంటాయి, పైన గబ్బిలాలు ఉంటాయి. లోపల లైట్లు కూడా ఉంటాయి. ఛాతీ దాకా నీళ్లలో నిలబడి నేను ఆ లైట్లకు పోయే తీగనే చూస్తూ నడిచాను. ఎక్కడ కలిపారు, ఎట్లా చుట్టారు, ఎటు పోయింది. పని శుభ్రంగా ఉంది. అయినా చూపు మరల్చలేకపోయాను. బయటికొచ్చాక మా ఆవిడ, "దేవుణ్ణి మంచిగ చూసినవా?" అని అడిగింది. వైరింగు చూశానని చెప్పలేక చూశానన్నాను.

జూనియర్లలో ఒకతను ఫోన్‌లో వీడియో చూపించాడు. రెండు వేళ్లతో నుదుటి మీద, కంటి కింద, గడ్డం మీద తట్టుకుంటూ భయం గురించి పైకి చెప్పుకోవాలట. నేనొక్కణ్ణే తట్టుకుంటే సిగ్గని సెక్షన్‌లో అందరూ కూర్చుని తట్టుకున్నారు. అంతలో ఒక రైతు మోటారు కాలిందని చెప్పడానికి లోపలికి వచ్చాడు. నలుగురు మనుషులు ముఖాలు తట్టుకుంటూ కూర్చున్నారు. ఒక్క నిమిషం చూసి, "మల్ల వస్త" అని వెళ్లిపోయాడు.

ఆయుర్వేదం ఊరికే పోలేదు. బీదర్‌లో ఒక వైద్యుని దగ్గర వారం రోజులు నుదుటి మీద గోరువెచ్చని నూనె ధారగా పోయించుకున్నాను. మూడో రోజు ఆ బల్ల మీదే నిద్రపోయాను. ఆ వారమంతా కాస్త నిద్ర పట్టింది. ఊపిరి లెక్కపెట్టుకోవడం కూడా ఆయనే నేర్పాడు, ఇప్పటికీ చేస్తాను. కానీ వారం తర్వాత పోలు దగ్గరికి పోతే పిక్కలు మళ్లీ బిగుసుకున్నాయి.

వీటిలో దేన్నీ నేను తక్కువ చేసి చెప్పడం లేదు. ఎవరూ నన్ను మోసం చేయలేదు. తప్పు వేరే చోట ఉంది. ఏమైందని ప్రతిచోటా అడిగారు. "నా కళ్ల ముందు జోడీదారు పోయిండు, భయం పట్టుకున్నది" అని ప్రతిచోటా చెప్పాను. వాళ్లు దానికే వైద్యం చేశారు. కడ్డీలు వద్దన్నది నేనేనని ఎవరికీ చెప్పలేదు. ఒక జబ్బు దాచిపెట్టి ఇంకో జబ్బుకు మందు తీసుకుంటూ, మందు పనిచేయడం లేదని తిరిగాను.

రెండు నెలలు గడిచాక జిల్లా ఆసుపత్రికి పోయాను. డాక్టరు నిద్రకు మాత్రలు రాసి, పక్క గదిలో కౌన్సెలరు దగ్గరికి పంపాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆమెకు. కన్నడలోనే మాట్లాడేది. వారానికొకసారి రమ్మంది. పోయిన ప్రతిసారీ ఆ రోజు సంగతి మొదటి నుంచి చెప్పమనేది. నాలుగోసారి నేను చెప్పడం అయిపోయాక తన నోటు పుస్తకం తిరగేసింది.

"రాడ్ ఎల్లిత్తు, సర్?" అంది. కడ్డీలు ఎక్కడ ఉన్నాయని అడుగుతోంది.

"చెప్పిన గద" అన్నాను.

"ఒక్కోసారి ఒక్కో మాట చెప్పారు. ఒకసారి జీపులో అన్నారు. ఒకసారి ఇంకో సెక్షన్‌కు ఇచ్చామన్నారు. ఇవాళ అసలు చెప్పనే లేదు."

కిటికీ బయట ఆటోలు మొత్తుకుంటున్నాయి.

"ఏది నిజమో నాకు చెప్పనక్కర్లేదు. నేను మీ ఆఫీసు మనిషిని కాను. కానీ ఎవరికి చెప్పాలో మీకు తెలిసే ఉంటుంది" అంది. నోటు పుస్తకం మూసి నీళ్ల సీసా నా వైపు జరిపింది.

ఆసుపత్రి నుంచి మా బీదర్ ఆఫీసుకు నడిచిపోవచ్చు. ఏడాదిగా ఆ ఆఫీసు పని పడితే ఎవరో ఒకరిని పంపేవాణ్ణి. ఆ రోజు నేనే పోయాను. గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. జోడీదారు భార్య ఏమంటుందో తెలియదు. తిడుతుందో, ఏడుస్తుందో, ఇంతకాలం నమ్మినందుకు తన మీద తనే కోప్పడుతుందో. వీటన్నిటికన్నా, ఆమె ఒక్క మాట కూడా అనకుండా లేచి పోతుందేమోనన్న భయం ఎక్కువ.

మధ్యాహ్నం అన్నాల వేళ. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఫైళ్లకు తాడు కడుతోంది.

"ఏందన్నా, తొవ్వ తప్పినవా?" అంది.

"నీ కాడికే వచ్చిన చెల్లె. ఒక మాట చెప్పాలె."

"చెప్పు."

"ఆ దినం కడ్డీలు ఇంకో గ్యాంగు తీస్కపోలే."

ఆమె చేతులు ఆగలేదు. ఫైలుకు ముడి వేసి పక్కన పెట్టింది.

"ఎరుకే" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. పోస్టుమార్టం అయ్యాక ఇంటికి తీసుకుపోయే ముందు, పోయిన మనిషిని సెక్షన్ ఆఫీసు ముందర కాసేపు దించి తోటివాళ్లు దండలు వేయడం మా దగ్గర ఆనవాయితీ.

"మీరందరు బయట దండలేస్తున్రు. నన్ను లోపల కూసోమన్నరు. తలుపు పక్కన గోడకు ఒరిగి కూసున్న. వీపుకు ఏందో సల్లగ తగులుతుంటె తిరిగి చూసిన. కడ్డీలు. అప్పుడు అవేందో నాకు తెల్వది. నౌకరికి వచ్చినంక ఒకపాలి గా ఫైలు సార్ కాడికి మోసుకపోతుంటె చదివిన. నేను కన్నడం బడిలనే చదివిన గద. నువ్వు రాసింది మొత్తం చదివిన."

"మరి అడగకపోతివి?"

"నేనెందుకు అడుగుత? చెప్పాల్సింది నువ్వు." మొదటిసారి నా వైపు చూసింది. "దర్గాకు పోయినవంట. గుడికి పోయినవంట. నూనె పోయించుకున్నవంట. అన్నీ తెలుస్తుంటయి ఈడ. అందరి కాడికి పోయినవు. నా కాడికి రాకపోతివి."

నేను బెంచీ చివర కూర్చున్నాను.

"కడ్డీలు వద్దని ఎవరన్నరు?" అని అడిగింది.

"నేనే అన్న."

"గాయన ఏమన్నడు?"

"ఊ అన్నడు."

"ఊ అన్నడా" అని ఇంకో ఫైలు అందుకుంది. "ఇంట్ల ఉప్పు తెమ్మంటె పది మాటలనేటోడు. ఊ అని ఊకున్నడంటె ఆయనకు గూడ అక్కర్లేదనిపించింది. సగం ఆయనది. సగం నీది. నీ సగం నువ్వే ఉంచుకో. నేను మాఫ్ చేస్తననుకోని వస్తే అది నా చేతిల లేదు."

"అందుకు రాలే."

"మంచిది. మరి రాసింది మార్చు. గా గిర్ని సేటు ఒక్కడే కోర్టు చుట్టు తిరుగుతుండు. తప్పు ఆయనదే, కాదంటలేను. అంత ఆయన ఒక్కనిదే కాదు గద."

"నీ నౌకరికి ఏమన్న అయితె?"

"నా పేరు అడ్డం పెట్టుకోకన్నా" అంది. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. తర్వాత ఫైళ్లు ఎత్తుకుని, "సార్ పిలుస్తుండు" అని లోపలికి పోయింది. ఎవరూ పిలవలేదని ఇద్దరికీ తెలుసు.

నేను బస్టాండుకు వచ్చి చిట్గుప్ప బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చున్నది గుర్తుంది. తర్వాత కండక్టరు భుజం తట్టి లేపాడు. చిట్గుప్ప దాటి చాలా దూరం వచ్చేశాం. "రెండుసార్లు లేపిన పెద్దాయనా, నువ్వు లేవలే" అన్నాడు. పట్టపగలు, ఆ గోలలో, ఎదుటి సీటు కమ్మీకి నుదురు ఆనించి గంటన్నర నిద్రపోయాను. రోడ్డు మీద దిగి తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒళ్లు తేలికగా ఉంది. జ్వరం దిగినట్టుగా ఉంది.

మరుసటి రోజు కొత్తగా రాసిచ్చాను. సెక్షన్ ఆఫీసరు చదివి, మళ్లీ చదివి, "ఇది నేను తీసుకున్నాక వెనక్కి ఇవ్వలేను" అన్నాడు. తీసుకోమన్నాను. నన్ను నెల రోజులు సస్పెండు చేశారు, బోర్డు మాట అంతవరకు ఆగింది. సర్వీసు రిజిస్టరులో శిక్ష రాశారు. ఆమె నౌకరికి ఏమీ కాలేదు. కోర్టులో గిర్ని సేటు వైపు వకీలు నన్ను సాక్షిగా పిలిపించాడు. ఉన్నది చెప్పాను. అబద్ధానికి అవునన్న భాల్కి మనిషికీ మెమో వచ్చింది. "నిన్ను కాపాడితె నన్ను ఇరికిస్తివి గదరా" అన్నాడు. అతని కోపం న్యాయమే. నా రిటైర్మెంటు రోజు వచ్చి, భోజనం చేసి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా పోయాడు. వచ్చాడు, అంతే చాలనుకున్నాను.

ఫోన్ చేసిన అతనికి ఇప్పుడు ఇదే చెబుతాను. నిద్ర లేకపోతే ముందు డాక్టరు దగ్గరికి పో. నీకు నమ్మకముంటే దర్గాకూ పో, గుడికీ పో, నూనె పోయించుకో. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు మానకు. ఎక్కడికి పోయినా జరిగింది జరిగినట్టు చెప్పు. నీ దగ్గర దాచింది ఏదీ లేకపోతే నీ పని నా పనికన్నా సులువు. నేను ఎక్కువ చుట్టు తిరిగాను. నా జోడీదారు లేని లోటు వేరే. దానికి నేనేమీ వెతకలేదు. అది ఉంటుంది, ఉండనీ.

డ్యూటీలో మళ్లీ చేరిన రెండో వారం ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది. ఆమె ఇల్లు చిట్గుప్పలోనే. రోజూ బస్సులో బీదర్ పోయి వచ్చేది.

"అన్నా, మా గల్లీల పొద్దుగాల నుంచి కరెంటు లేదు. ఆఫీసుకు రెండుసార్లు చెప్పిన. ఎవ్వరు రాలే. ఇదేనా మీ డిపార్ట్‌మెంటు?"

"మన డిపార్ట్‌మెంటు" అన్నాను.

"మనదైతె జల్ది రా మరి."

జూనియరును తీసుకుని పోయాను. ఆమె ఇంటి ముందు పోలు మీద తీగ ఊడి ఉంది. గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీయించాను. తీగల్లో కరెంటు లేదని రెండుసార్లు చూసుకున్నాను. వాటిని కలిపి ఎర్తు చేశాను. అలవాటు కొద్దీ జూనియరు నిచ్చెన అందుకున్నాడు. నేను పోతానన్నాను. అతను నా మోకాలి వైపు చూసి నిచ్చెన ఇచ్చాడు.

ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. మూడో మెట్టు మీద పిక్కలు బిగుసుకున్నాయి. ఆగి, ఊపిరి లెక్కపెట్టుకున్నాను. అవి బిగుసుకునే ఉన్నాయి. అలాగే ఎక్కాను. పైన పని పది నిమిషాలు. దిగి, ఎర్తు తీసి, ఫ్యూజులు పెట్టమని జూనియరును పంపాను.

లోపల ఫ్యాను తిరిగిన చప్పుడు వినిపించింది.

"వచ్చిందన్నా" అంది ఆమె. లోపలికి తిరుగుతూ, "చాయ్ పెడుతున్న, తాగి పో" అంది.

నా జోడీదారు పోయినప్పటి నుంచి ఆ గడప నేను దాటలేదు. బూట్లు విప్పి లోపలికి పోయాను.